భూటాన్ గ్రూప్ టూర్ రివ్యూ, మహబూబ్‌నగర్ నుంచి: తిండికి ఫుల్ మార్కులు, కట్టడాలకు టైమే ఇవ్వలేదు

ముందే చెప్పేస్తాను, మొత్తం మీద ఐదులో మూడున్నర. తిండికి, బండికి, రూములకు, అక్కడి లోకల్ గైడ్‌కు నాలుగున్నర ఇచ్చినా తక్కువే. ఏం చూపించాలి, ఎంతసేపు చూపించాలి అనే దగ్గర మాత్రం రెండు దాటి ఇవ్వలేను, ఈ రివ్యూలో ఎక్కువ భాగం ఆ పోయిన మార్కుల గురించే. ఏజెన్సీ పేరు రాయట్లేదు. బుక్ చేసుకునే ముందు వేరే వాళ్ల బ్రోచర్లు కూడా పక్కపక్కన పెట్టి చూశాను, ఊర్లు అవే, వరస అదే, ఆఖరికి ఫోటోలు కూడా అవే. కాబట్టి మీరు ఎవరితో వెళ్లినా ఇది పనికొస్తుంది.

నేను వనపర్తి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివాను, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఇళ్ల ప్లాన్లు గీస్తాను, ఎలివేషన్లు, అంటే ఇంటి బయటి రూపం, చేసిస్తాను. భూటాన్ చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక, కొండల కోసం కంటే కట్టడాల కోసం. పాత పాలమూరు జిల్లా జనాభా 2011 లెక్కల్లోనే 40 లక్షలు దాటింది, ఆ దేశం దేశమంతా కలిపినా ఎనిమిది లక్షలు లేరు. అంత చిన్న దేశం తన ఇల్లు, ఆఫీసు, పెట్రోల్ బంక్, ఎయిర్‌పోర్టు అన్నీ ఒకే పద్ధతిలో కనిపించాలని రూల్ పెట్టుకుని ఇన్నేళ్లు నిలబెట్టుకుంది. ఎందుకు పెట్టుకుంది, దానికోసం ఎవరు ఎంత భరించారు అనేది దగ్గరగా చూడాలనిపించింది. మా ఆయన, మా అత్తమ్మ కూడా వచ్చారు. అత్తమ్మను ఎందుకు తీసుకెళ్లామా అని మొదట కొంత టెన్షన్ పడ్డాం, మోకాళ్ల నొప్పులు ఆమెకు. కానీ ఈ టూర్‌లో నాకు బాగా గుర్తుండిపోయే విషయం ఆమె వల్లే తెలిసింది.

డబ్బుల సంగతి. ఫ్లైట్‌తో కలిపి మనిషికి అరవై వేలకు కాస్త అటూ ఇటూ. భూటాన్ ప్రభుత్వం మన దేశస్థుల దగ్గర రాత్రికి 1200 రూపాయల చొప్పున ఫీజు తీసుకుంటుంది, ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సగం. వేరే దేశాల వాళ్లకైతే రాత్రికి 100 డాలర్లు. మా ప్యాకేజీలో ఇది కలిపే ఉంది, కొందరు కలపకుండా తక్కువ రేటు చూపించి అక్కడికి వెళ్లాక వసూలు చేస్తారు, అడ్వాన్స్ కట్టే ముందే అడగండి. ఇంకోటి, ఆధార్ అక్కడ చెల్లదు. పాస్‌పోర్టు కావాలి, లేకపోతే ఒరిజినల్ ఓటరు కార్డు. మా ఏజెన్సీ ఆఫీసులో అబ్బాయి ఆధార్ చాలన్నాడు, బయలుదేరే ముందు రోజు ఫోన్ చేసి ఓటరు కార్డు తెమ్మన్నాడు. గ్రూప్‌లో సగం మంది పాత బీరువాలు, ట్రంకు పెట్టెలు తిరగేశారు. జడ్చర్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయనకైతే తలప్రాణం తోకకొచ్చింది. డబ్బులు తీసుకుని చేసే పనిలో ఇంత నిర్లక్ష్యం ఏంటో అర్థం కాలేదు.

తిండి విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. మన వంటాయన బండితో పాటే వచ్చాడు, పచ్చిపులుసు, పప్పు, ఆలుగడ్డ కూర, ఒక పూట జొన్నరొట్టెలు కూడా. అక్కడి వాళ్లు ఎండుమిర్చి, పచ్చిమిర్చి కూరగాయల్లాగే వండుకుంటారు, చీజ్ వేసి చేసే ఎమా దాత్సీ అనే కూర ఉంటుంది, మన పాలమూరోళ్లకు ఆ కారం ఒక లెక్క కాదు, గైడే ఆశ్చర్యపోయాడు. రూములు శుభ్రంగా ఉన్నాయి, హీటర్లు పనిచేశాయి. డ్రైవర్ ఆ మలుపుల్లో ఒక్కసారి కూడా తొందరపడలేదు. ఇక్కడితో మంచి మార్కులు అయిపోయాయి.

శంషాబాద్ నుంచి బాగ్‌డోగ్రాకి ఫ్లైట్, అక్కడి నుంచి తేయాకు తోటల మధ్య రోడ్డు మీద జైగావ్. జైగావ్ మన బెంగాల్ ఊరు, దానికి ఆనుకునే ఫుంట్‌షోలింగ్, భూటాన్. ఇవతల షట్టర్లు, ఫ్లెక్సీలు, తలమీద వేలాడే వైర్లు, ఆటోల హారన్లు. బొమ్మలు చెక్కిన పెద్ద గేటు దాటగానే కిటికీలన్నీ ఒకే ఆకారం, గోడల మీద డ్రాగన్లు, తామరలు, హారన్ కొట్టేవాడు లేడు. అందరూ అక్కడే ఫోన్లు తీశారు, నేనూ తీశాను. కానీ ఆ గేటును పొద్దున చూడాలి. జైగావ్ వైపు నుంచి మేస్త్రీలు, కూలీలు, పెయింటర్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని పాసు చూపించి లోపలికి పోతుంటారు, సాయంత్రానికి తిరిగి వచ్చేస్తారు. 2020 మార్చిలో కరోనాకు సరిహద్దు మూసి 2022 సెప్టెంబరు 23న తెరిచారు, ఆ మధ్యకాలంలో రెండు ఊళ్ల మధ్య గోడ లేచింది, నడిచి వెళ్లేవాళ్లకు వేరే టెర్మినల్ వచ్చింది. మూసి ఉన్నప్పుడు భూటాన్‌లో కట్టడం పనులకు మనుషులు దొరకక చాలా ఇబ్బంది అయింది. ఎందుకంటే రాజధాని థింఫులో ఏ సైట్ దగ్గర ఆగి చూసినా ఇనుము వంచేది, ఇటుక పేర్చేది ఎక్కువగా బెంగాల్, బీహార్, అస్సాం నుంచి పర్మిట్ మీద వచ్చినవాళ్లే. ఆ దేశపు ముఖాన్ని నిలబెట్టే చేతుల్లో చాలా వరకు ఆ దేశానివి కావు. ఇది ఏ బ్రోచర్‌లోనూ ఉండదు, మా టూర్ మేనేజర్ కూడా చెప్పలేదు, గేటు దగ్గర ఫోటోలు అయిపోగానే పదండి పదండి అన్నాడు.

ఫుంట్‌షోలింగ్ నుంచి థింఫు దాదాపు 150 కిలోమీటర్లు, ఐదారు గంటలు పడుతుంది. ఈ రోడ్డును మన బోర్డర్ రోడ్స్ వాళ్ల దంతక్ ప్రాజెక్టు 1961లో మొదలుపెట్టి కట్టింది, పసుపు బోర్డులు దారి పొడుగునా కనిపిస్తాయి. అంతకుముందు ఆ దేశంలోకి బండి పోయే దారి లేదు, 1958లో నెహ్రూ వెళ్లినప్పుడు కొండల మీదుగా జంతువుల మీద ఎక్కి వెళ్లాల్సి వచ్చింది. ఒకచోట కొండచరియ విరిగిపడి మట్టి తీస్తున్నారు, బస్సు ఆగింది. రోడ్డు పక్కన రేకుల షెడ్లు, వాటి ముందు కంకర కొడుతున్న ఆడవాళ్లు, ఒకామె వీపుకు గుడ్డతో కట్టుకున్న పిల్ల. జార్ఖండ్ వైపు నుంచి వచ్చిన జట్టు అని గైడ్ చెప్పాడు.

మా అత్తమ్మ బస్సు దిగింది. ఆమెది దేవరకద్ర దిక్కు. పెళ్లయిన కొత్తలో గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మామయ్యతో కలిసి కాలువ పనులకు మహారాష్ట్ర, గుజరాత్ అన్నీ తిరిగింది, మా ఆయన పుట్టింది కూడా అట్లాంటి ఒక షెడ్డులోనే. పాలమూరు లేబర్ అంటే డ్యాములు కట్టే ప్రతి రాష్ట్రంలో తెలిసిన పేరు, అప్పట్లో మన జిల్లాకే నీళ్లు లేవు. అత్తమ్మ తిన్నగా వెళ్లి ఆ పిల్లతల్లి పక్కన ఉన్న కంకర తట్టను ఒక చేత్తో లేపి చూసి, బరువు చూసుకుని కింద పెట్టింది. మళ్లీ వచ్చి నాతో, "మనం గూడ గిట్లనే ఉంటిమి బిడ్డా, గీమె తట్ట మనదాని కన్న బరువున్నది" అంది. డబ్బాలో తెచ్చుకున్న మురుకులు అన్నీ అక్కడే ఇచ్చేసింది. మాటలు కలవవు, అయినా ఆ తల్లి ఏదో అడిగింది, అత్తమ్మ వేళ్లతో ఏదో చెప్పింది. అరగంట ఆగాం అక్కడ. ప్రోగ్రాంలో లేని ఆ అరగంట ఆ రోజు మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైంది. దారిలోనే చుఖా కరెంటు ప్రాజెక్టు వస్తుంది, 336 మెగావాట్లు, మన దేశం డబ్బుతో కట్టింది, అక్కడి కరెంటు మనకే అమ్ముతారు, ఆ దేశపు ఆదాయంలో కరెంటుది పెద్ద వాటా. ఆ నీళ్ల వెనక కూడా ఇలాంటి షెడ్లే ఉండి ఉంటాయి.

ఇక థింఫు. మా హోటల్ ఐదంతస్తులది. బయటి నుంచి చూస్తే చెక్కతో చెక్కిన కార్నీస్‌లు (కప్పు, కిటికీల పైన ముందుకు వచ్చే అంచు పట్టీలు), మూడు వంపుల కిటికీ పైభాగాలు, పూలు, మేఘాలు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు, బాల్కనీలోకి వెళ్లి వేలి మడతతో కొట్టి చూశాను. చెక్క కాదు. సిమెంటు. స్లాబు నుంచి బయటికి లాగి, అచ్చులో పోత పోసి, పైన చెక్క రంగు, దాని మీద బొమ్మలు. లోపల మన మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో కట్టే అపార్ట్‌మెంట్‌కు దానికి ఏ తేడా లేదు, అవే కాలమ్స్, అవే బీములు, ఇటుక గోడ. పాత ఇళ్లలో ఆ వరసలు దూలాల చివర్లు, చెక్క జాయింట్లు, అంటే బరువు మోసే భాగాలు. ఇప్పుడు అవి బరువు మోయవు, పైనుంచి ఇంకాస్త బరువు పెంచుతాయి, ఖర్చు కూడా. కప్పు వాలు, కిటికీ ఆకారం, కార్నీస్ వరసలు, బయటి రంగులు అన్నీ నిబంధనల ప్రకారమే ఉండాలి, ప్లాన్ పాస్ కావాలంటే ఇవన్నీ చూపించాలి. కప్పు కింద వచ్చే ఎర్ర పట్టీ, దాన్ని కెమార్ అంటారు, మామూలు ఇంటికి వేసుకోవడానికి లేదు, అది గుళ్లకు, జోంగ్‌లు అనే అక్కడి కోటలకే. ఎవరి స్థాయి ఏంటో గోడ మీద రంగే చెప్తుంది.

ఎలివేషన్ల మీద బతికే మనిషిగా నాకు దీనిమీద రెండు మాటలున్నాయి, రెండూ మనస్ఫూర్తిగానే చెప్తున్నా. ఒకటి, కుళ్లు పుట్టింది. మన దగ్గర మున్సిపాలిటీ సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదిలే ఖాళీ, అడుగుతుంది, పార్కింగ్ అడుగుతుంది, ఇల్లు ఈ ఊరిదిలా ఉందా అని ఎవరూ అడగరు. ఎండాకాలం నలభై దాటే ఊళ్లో అద్దాలు, ఏసీపీ అనే అల్యూమినియం షీట్లు బిగించమంటారు, దుబాయ్ ఫోటో చూపించి ఇలాగే కావాలంటారు, పాత మట్టి మిద్దెలు, నల్లరాతి కట్టు ఇళ్లు కూలగొట్టి మరీ. భూటాన్‌లో ట్రాఫిక్ పోలీసు నిలబడే చిన్న గూడుకు కూడా వాళ్ల కప్పే ఉంది. రెండోది, ఆ రూపం ఒకే ముఖం అయిపోయింది. పారో, థింఫు లోయల్లో ఇళ్లు ఎలా ఉండేవో దాన్నే దేశానికంతటికీ ముఖంగా పెట్టారు. దక్షిణాన మైదానాల్లో వేడి ఎక్కువ, అక్కడి ఇళ్లు వేరు, అక్కడి మనుషులు వేరు. దాని సంగతి కిందికి వస్తుంది.

పారోలో ఒక పాత రైతు ఇంటికి గైడ్ తన ఇష్టంతో తీసుకెళ్లాడు, ప్రోగ్రాంలో లేదు, ఏజెన్సీకి ఇందులో ఏ క్రెడిట్ లేదు. పలకల మధ్య తడి మట్టి పోసి దిమ్మిస కొట్టి లేపిన గోడ, రెండడుగులకు పైగా మందం. పలకలు పట్టి ఉంచిన కర్రలు పీకేసిన చోట వరసగా బొక్కలు అలాగే ఉన్నాయి. వాటిలో వేలు పెట్టి చూస్తే ఎంత ఎత్తుకు ఒక పొర పోశారో తెలుస్తుంది. ఈ మట్టి కొట్టే పని అక్కడ పాతకాలం నుంచి ఆడవాళ్లది, గోడ మీద నిలబడి పాట పాడుకుంటూ లయగా కొడతారు. కింద పశువులు, మధ్యలో ధాన్యం, పైన మనుషులు. కప్పుకు ఒకప్పుడు చెక్క పలకలు పరిచి ఎగిరిపోకుండా రాళ్లు పెట్టేవారు, ఇప్పుడు అన్నిటికీ రేకులే. అత్తమ్మ ఆ గోడను చెయ్యితో తడిమి, మట్టి మంచిగ కలిపిండ్రు అంది. ఆమె సర్టిఫికెట్ కన్నా పెద్దది నేను ఇవ్వలేను.

ఇప్పుడు అసలు కంప్లయింట్. జోంగ్‌లు. భూటాన్ వెళ్లి జోంగ్‌ను సరిగ్గా చూడకుండా వస్తే ఆ దేశం సగం కూడా అర్థం కాదు. 1616లో టిబెట్ నుంచి షబ్‌డ్రుంగ్ న్గవాంగ్ నమ్‌గ్యాల్ అనే లామా వచ్చి, ఎవరి లోయ వాళ్లదిగా ఉన్న ప్రాంతాలను ఒక్కటి చేసి, 1629లో సిమ్‌తోఖాలో మొదలుపెట్టి లోయకొకటి చొప్పున ఈ కోటలు కట్టించాడు. బయటినుంచి కోట, లోపల సగం మఠం, సగం సర్కారు కచేరీ. మధ్యలో ఉత్సే అనే ఎత్తైన బురుజు గుడి, దానికి ఒకవైపు అధికారులు, ఇంకోవైపు సన్యాసులు. ఆయన పెట్టిన పాలనే రెండు కాళ్ల మీద నడిచింది, మతానికి జె ఖెన్‌పో, పాలనకు డ్రుక్ దేశి, ఆ ఏర్పాటునే రాతిలో, చెక్కలో కట్టేశారు. నేను ఇన్నేళ్లలో గీసిన ప్లాన్లలో రాజ్యాంగం ఇంత స్పష్టంగా కనబడే ప్లాన్ చూడలేదు. ఇప్పటికీ జిల్లా ఆఫీసులు వాటిలోనే నడుస్తున్నాయి. స్థానికులు లోపలికి రావాలంటే మగవాళ్లు భుజం మీద కబ్నే అనే కండువా వేసుకోవాలి, మామూలు మనిషికి తెలుపు, మంత్రికి నారింజ, రాజుకు, జె ఖెన్‌పోకు పసుపు.

పునాఖా జోంగ్ 1637లో మొదలైంది, ఫో ఛు, మో ఛు నదులు కలిసే చోట. మూడు ప్రాంగణాలు, ముందుది ఆఫీసులు, తర్వాత సన్యాసుల గదులు, చివర్లో షబ్‌డ్రుంగ్ దేహం ఉన్న గుడి. ఆయన 1651లో చనిపోతే ఆ సంగతి యాభై ఏళ్లకు పైగా బయటికి రానివ్వలేదు, ధ్యానంలో ఉన్నాడని చెప్పి ఆయన పేరు మీదే పాలన నడిపించారు. ఆ తలుపు ముందు నిలబడి ఈ మాట వింటే ఒళ్లు జలదరిస్తుంది. 1907 డిసెంబర్ 17న మొదటి రాజు ఉగ్యెన్ వాంగ్‌చుక్‌కు పట్టం కట్టింది కూడా ఇక్కడే. దీన్ని కట్టిన వడ్రంగి జోవే బాలెప్ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు, కలలో స్వర్గంలోని మందిరాన్ని చూసి వచ్చి అలాగే కట్టాడంటారు. ఆయన పేరు మిగిలింది. రాళ్లు మోసిన ఇళ్లవాళ్ల పేర్లు మిగలలేదు, ఇంటికింత పని అని రాజ్యానికి ఊరికే చేయాల్సిన కాలం అది, మన తెలంగాణలో వెట్టి అంటే ఏంటో తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దాసత్వాన్ని మూడో రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ 1950లలో రద్దు చేశాడు.

ఇంత ఉన్న చోట మాకు ఇచ్చిన టైం గంట కూడా లేదు. ఎందుకంటే తర్వాత హస్తకళల షాపింగ్ ఉంది. ఆ షాపులో మాత్రం గంటన్నర కూర్చోబెట్టారు. థింఫులో తాషిఛో జోంగ్ ఇంకా ఘోరం, మామూలు రోజుల్లో ఆఫీసు వేళ ముగిసిన తర్వాతే పర్యాటకులను రానిస్తారు, మమ్మల్ని మిట్టమధ్యాహ్నం తీసుకెళ్లి బయట గోడ చూపించి తీసుకొచ్చారు. రాజు కొలువు ఉండేది, 1960లలో మేకులు లేకుండా, కాగితం మీద ప్లాన్ గీయకుండా పాత పద్ధతిలో మళ్లీ కట్టించింది ఆ జోంగే. నాలాంటిదానికి అది చూపించకుండా తీసుకురావడం అంటే అన్నం ముందు కూర్చోబెట్టి లేపేయడమే. ఈ టైమింగ్ ఏజెన్సీ వాళ్లకు తెలియనిది కాదు, సాయంత్రం బండి ఖర్చు మిగుల్చుకోవాలని చేసిన పని.

దోచులా కనుమ దగ్గర కూడా ఇంతే, పావుగంట సెల్ఫీలు. అక్కడ వరసగా ఉన్న 108 స్తూపాలు ఎందుకు కట్టారో మా గ్రూప్‌లో చాలామందికి తిరిగొచ్చాక నేను చెప్తే తెలిసింది. 2003 డిసెంబరులో భూటాన్ సైన్యం తన అడవుల్లో క్యాంపులు వేసిన అస్సాం, బెంగాల్ మిలిటెంట్లను వెళ్లగొట్టింది, ఆ పోరులో చనిపోయినవాళ్ల కోసం రాజమాత కట్టించినవి అవి. థింఫు కొండ మీది పెద్ద బుద్ధుడు 50 మీటర్లకు పైగా ఎత్తు, కంచు మీద బంగారు పూత, తయారైంది చైనాలోని నాన్‌జింగ్‌లో, ఆ చైనాతో భూటాన్‌కు దౌత్య సంబంధాలే లేవు. అదే ఊళ్లో సుప్రీంకోర్టు భవనం మన దేశ సాయంతో కట్టింది, 2014 జూన్‌లో మోదీ ప్రారంభించారు. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య బతికే చిన్న దేశం ఎవరి దగ్గర ఏం తీసుకుని, పైన తన కప్పు వేసుకుంటుందో థింఫులో ఒక్క పూట తిరిగితే కనిపిస్తుంది. చూపించేవాడు ఉండాలి అంతే.

దక్షిణం సంగతి అన్నాను కదా. అక్కడ తరతరాలుగా నేపాలీ మాట్లాడే ల్హోత్‌షంపాలు ఉన్నారు, ఎక్కువమంది హిందువులు. 1985 పౌరసత్వ చట్టం ప్రకారం 1958 నాటికి అక్కడ ఉన్నట్టు రుజువు చూపించాల్సి వచ్చింది, 1988లో జనాభా లెక్కల పేరుతో కాగితాలు అడిగారు, 1989లో అందరూ ఘో, కిరా అనే ఉత్తరాది బట్టలే కట్టుకోవాలని ఆజ్ఞ వచ్చింది, బళ్లలో నేపాలీ చదువు తీసేశారు. 1990లో నిరసనలు, అణచివేత, ఆ తర్వాత లక్ష మంది దాకా దేశం వదిలి నేపాల్‌లోని ఝాపా, మోరంగ్ క్యాంపుల్లో వెదురు గుడిసెల్లో పడ్డారు. 2007 నుంచి వాళ్లలో ఎక్కువమందిని అమెరికా లాంటి దేశాలు తీసుకున్నాయి. ఒకే బట్ట, ఒకే భాష, ఒకే కిటికీ, ఈ మూడూ ఒకే ఆలోచనలోంచి వచ్చాయని నాకు గట్టిగా అనిపించింది. గైడ్‌ను అడిగాను, పాపం అతను ఆ కాలం చాలా కష్టమైందని ఒక్క మాట అని దారిలో చెట్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. అతని ఉద్యోగం అతనిది, నేను మళ్లీ అడగలేదు. ఇప్పుడు అదే దక్షిణాన గెలెఫు దగ్గర వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా కొత్త నగరం కడతామని 2023 డిసెంబర్ 17న రాజు ప్రకటించాడు, డెన్మార్క్ ఆర్కిటెక్ట్ బ్యార్కే ఇంగెల్స్ సంస్థ డిజైన్ చేసింది, నదుల మీద జనం ఉండే వంతెనలు, ఆనకట్ట గోడ మీద గుడి. బొమ్మలు చాలా అందంగా ఉన్నాయి. యువత ఆస్ట్రేలియాకు వెళ్లిపోతుంటే ఆపడానికి ఇది వాళ్ల ఆశ, ఆ ఆశను నేను తక్కువ చేయను. కానీ వెళ్లగొట్టినవాళ్ల పొలాలు ఆ వైపే ఉండేవని మర్చిపోయి ఆ బొమ్మలు చూడలేను.

పునాఖాలో నిలబడ్డప్పుడు నాకు గద్వాల గుర్తొచ్చింది. అక్కడి సంస్థానపు దొర సోమనాద్రి కట్టించిన కోట, మధ్యలో చెన్నకేశవస్వామి గుడి, చుట్టూ పాలన. అదే లెక్క, దేవుడూ దొరా ఒకే ప్రహరీ లోపల. 1948 తర్వాత సంస్థానాలు పోయాయి, ఇప్పుడు ఆ కోటలో డిగ్రీ కాలేజీ. నేను చదివిన వనపర్తి పాలిటెక్నిక్ కూడా రాజావారి ప్యాలెసే, కూలీల మనవరాళ్లు ఆ మెట్లెక్కి సర్వేయింగ్ నేర్చుకున్నారు. మనవి జోంగ్‌ల లాగా మెరవవు, సున్నం రాలుతోంది, మొక్కలు మొలుస్తున్నాయి, బాగుచేయించేవాడు లేడు. అయినా ఎవరి కండువా ఏ రంగో చూసి లోపలికి పంపే రోజులు పోయాయి. ఆ రెంటిలో ఏది కావాలని అడిగితే నేను ఆలోచించకుండా చెప్తాను, కాకపోతే మన కోటల కప్పులు కారకుండా చూసుకునే బుద్ధి కూడా మనకు రావాలి. పిల్లలను భూటాన్ తీసుకెళ్లే స్తోమత ఉన్నవాళ్లు ముందు ఒక ఆదివారం గద్వాల తీసుకెళ్లండి, టికెట్ కూడా లేదు.

పారో దగ్గర కొండ అంచున ఉన్న మఠం టైగర్స్ నెస్ట్ గురించి ఏం రాయను, ప్రతి వీడియోలో ఉంది. మోకాళ్లు బాగుంటేనే ఎక్కండి, అత్తమ్మ కింద టీ కొట్టు దగ్గరే కూర్చుంది, సంతోషంగానే ఉంది.

వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇది. మార్చి నుంచి మే లోపు గానీ, సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ లోపు గానీ వెళ్లండి, వానాకాలం ఆ రోడ్డు మీద వద్దు. అడ్వాన్స్ ఇచ్చే ముందు ప్రోగ్రాం కాగితం మీద పునాఖా జోంగ్‌కు కనీసం మూడు గంటలు అని, తాషిఛో జోంగ్ సాయంత్రం అని రాయించుకోండి, షాపింగ్ గంటను పెన్నుతో కొట్టేయించండి. పాత మట్టి ఇల్లు ఒకటి చూపించమని గైడ్‌ను అడగండి, సంతోషంగా తీసుకెళ్తాడు, ఆ ఇంటివాళ్లకు ఏదైనా కొనుక్కెళ్లండి. ఫుంట్‌షోలింగ్‌లో ఒక రాత్రి ఉండేలా చూసుకుని పొద్దున్నే లేచి గేటు దాకా నడవండి. మా ఏజెన్సీ వాళ్లకు ఇవన్నీ తిరిగొచ్చాక వాట్సాప్‌లో పంపాను, వచ్చే బ్యాచ్‌కు పునాఖాలో టైం పెంచుతామన్నారు. పెంచారని ఎవరైనా వెళ్లొచ్చి చెప్తే ఇంకో అర మార్కు కలుపుతాను.